గిన్నెడు పాస్తా, గ్లాసుడు నీళ్ళు

అది కాదండీ, తోకలు ఉంచాలో తీసెయ్యాలో ఒక్కరూ సరిగ్గా చెప్పరేంటి? ఫోను వీడియోలో ఆ గడ్డపాయనేమో తోక పట్టుకుని మరీ చూపిస్తాడు. ఇంకొకావిడేమో తోకల్లేని రొయ్యల్ని తెచ్చి గిన్నెలో పోసేస్తుంది. రోజంతా కళ్ళప్పగించి చూసేవారు కదా, మీకైనా తెలిసుండాలి. సరే, ఉంచేశాను. పెద్దింట్లమ్మ ఉంచమంది.

ఏంటలా చూస్తారు? పటంలో మీరెప్పుడూ అలాగే చూస్తారనుకోండి. కొట్టు తెరిచిన రోజు ఫొటో అది. బిందెల మధ్య నిలబడ్డ మిమ్మల్ని కత్తిరించి, పెద్దది చేయించాడు మీ కొడుకు. ఎడం భుజం పక్కన స్టీలు బిందె అంచు ఇంకా కనిపిస్తూనే ఉంది. నాకదే బావుంది, తీయించద్దన్నాను.

వంటింట్లో కాదండోయ్, కంగారుపడకండి. ఇది మీ గదే. మీ మంచం తీసేశాక ఖాళీగానే పడి ఉంది. మీ గంజి వేడిచెయ్యడానికి కొన్నాం చూశారూ, ఆ కరెంటు పొయ్యిని దుమ్ము దులిపి నేలమీద పెట్టుకుని కూర్చున్నాను. దానిమీదికి వచ్చే మందపాటి అడుగున్న మూకుడు మన కొట్లోంచే తెప్పించాను. ఎందుకమ్మా అని వాడడిగితే పాలకోవాకి అన్నాను. సాయంత్రం పెద్దింట్లమ్మకి ఇచ్చేస్తాను, మళ్ళీ ఇంట్లోకి రానివ్వను.

వంటింటి గరిటె ఒక్కటి కూడా ఇటు రాలేదు. అమ్మవారి పటానికి తెర వేసి మరీ వచ్చాను. తెర వేస్తే ఆవిడకి తెలియదా ఏంటి? తెలుస్తుంది. అయినా వేశాను.

ఇంట్లో ఎవరూ లేరు. కోడలు పురిటికి నిడదవోలు వెళ్ళింది. అవును, ఇంద్రజకి ఏడో నెల. మీకు చెప్పానుగా మొన్న. భానుతేజ కింద కొట్లో ఉన్నాడు. ఒంటిగంటన్నరయితే గాని అన్నానికి పైకి రాడు. ఇప్పుడు పదకొండున్నరే అయింది, చాలా టైముంది.

పెద్దింట్లమ్మంటే మీకు తెలుసు. ఎదురింటి వాళ్ళకి చేపలు తెచ్చిస్తుంది, నెత్తిమీద బేసిను, నడుం దగ్గర సంచీ. మన అరుగు దగ్గరకి వచ్చేసరికి పక్కకి తప్పుకుని నడుస్తుంది, ముప్ఫై ఏళ్ళుగా. ఇవాళ దొడ్డివైపు మెట్ల మీంచి నేనే పిలిచాను. వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవర్నో పిలిచాననుకుని.

"దారి తప్పి పిలిచారేమోనండి అమ్మగారూ, ఇవి రొయ్యలండి" అంది.

రొయ్యలే కావాలన్నాను. అరకిలో. నువ్వే ఒలిచి బాగుచేసి ఇవ్వాలి, నేను ముట్టుకోను అన్నాను. ముట్టుకోనని అన్నదాన్ని ఇప్పుడు చూడండి ఎలా కలుపుతున్నానో. మెట్టు మీద కూర్చుని ఒలిచింది పాపం. వీపు చీల్చి నల్లటి దారం లాంటిది లాగి పారేసింది. ఆవిడ వేళ్ళకి ఎంత వేగమో. మనం చిక్కుడుకాయ ఈనె తీసినట్టే ఉంది.

ఎవరికండీ అని అడిగింది. చుట్టాలొస్తున్నారని చెబుదామనుకున్నాను. రెండు రోజుల్నుంచీ ఆ మాటే నేర్చుకుని పెట్టుకున్నాను. తీరా నోరు తెరిస్తే, మా ఆయనకి అని వచ్చేసింది.

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. ఇంకో గుప్పెడు తీసి ఒలిచి కలిపింది. తర్వాత అంది, "బాబుగారి పేరు చెప్పుకుని రోజూ గ్లాసుడు చల్లటి నీళ్ళు తాగుతానండి, మీ కొట్టు ముందర." అనేసి మెట్లు కడిగి వెళ్ళిపోయింది.

ఆ నీళ్ళ సంగతి చెబుతాను. ఉండండి, వెన్న మాడుతుందేమో.

పాస్తా అయితే ముందే ఉడకబెట్టుకున్నాను. అదేం బ్రహ్మవిద్య కాదు, లావుపాటి సేమ్యాయే. వార్చిన నీళ్ళు పారబొయ్యద్దంటాడు ఆ గడ్డపాయన. గంజి పారబొయ్యడం మాకు మాత్రం అలవాటా? ఆర్నెల్లు మీ పొట్టకి పెట్టిన గొట్టంలో గంజే కదా పోశాను, గంటకో అరగ్లాసు చొప్పున.

రొయ్యల దగ్గరే దెబ్బతిన్నాను. రెండు నిమిషాలంటాడు. రెండు నిమిషాల్లో ఉడికేదేంటండీ? బెండకాయ కూడా పది నిమిషాలు తీసుకుంటుంది. మనకి తెలియదని తొందర పెడుతున్నాడనుకున్నాను. సగం రొయ్యలు వేసి, ఉప్పు పసుపు చల్లి, మూత పెట్టి, వంకాయ మగ్గబెట్టినట్టు మగ్గబెట్టాను. ఇరవై నిమిషాలు. మెత్తబడతాయేమోనని నొక్కి చూస్తూ కూర్చున్నాను. నొక్కినకొద్దీ గట్టిపడుతున్నాయి. చివరికి పిల్లలు రాసుకునే రబ్బరు ముక్కల్లా అయ్యాయి.

పెద్దింట్లమ్మ ఇంకా దొడ్డివైపు సందులోనే ఉంది. గిన్నె పట్టుకెళ్ళి మెట్ల మీంచి చూపించాను. నవ్వాపుకుంది. "ఎర్రబడి ముడుచుకోగానే దించెయ్యాలండి. ఇవి మెత్తబడేవి కావండి, ముందే మెత్తగా ఉంటాయి" అంది. అరవై ఏళ్ళొచ్చాయి, రమాదేవి వంటంటే ఊళ్ళో పేరుంది, రెండు నిమిషాల వంట చేతకాలేదు. నవ్వండి, ఫర్వాలేదు.

మిగిలిన సగం ఇదిగో, ఇప్పుడు వేస్తున్నాను. వెన్న కరిగింది. వెల్లుల్లి వేశాను. చుయ్‌మంది, విన్నారా? ఈ చప్పుడు కోసమే కదా మీరు ఫోను చెవి దగ్గర పెట్టుకునేవారు.

మొదట్లో గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు చూసేవారు. నోటితో తినేది పోయాక కళ్ళతో తింటున్నారనుకున్నాను. డాక్టరు గారు కూడా అన్నారు, ఇలాంటి పేషెంట్లు అలాగే చూస్తారమ్మా, చూడనివ్వండని. తర్వాత ఎక్కడ పట్టుకున్నారో ఈ తెల్లటి సాసులో రొయ్యలు. మాట ఒక్కటి అర్థమయ్యేది కాదు మీకు, ఆ ఇంగ్లీషు వాళ్ళది. అయినా అదే వీడియో. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి. నేను గొట్టం కడుగుతూ, పక్కబట్టలు మారుస్తూ, చూడకుండానే మొత్తం నేర్చేసుకున్నాను. ఇవాళ ఫోను తెరవనే లేదు.

ఇవిగో ఎర్రబడ్డాయి. దించేశాను. బూడిదరంగుగా ఉన్నవి ఒక్కసారి ఎలా మారిపోయాయో. మీరు ఆ మారే చోటే వేలు పెట్టి వెనక్కి తిప్పి చూసేవారు.

ఎప్పుడైనా తిన్నారా అని అడిగాను కదా ఒకసారి. లేదని తలూపారు. నేను నమ్మలేదు. కొట్టు పెట్టిన కొత్తలో పల్లంరాజు పడవ మీద పోలవరం వెళ్ళొచ్చారు, గుర్తుందా? అప్పుడూ అంతే. వాళ్ళు పడవలో రొయ్యలు వండుకున్నారు, నేను ఇటు చివర కూర్చున్నాను, తినలేదు రమా, వాసన మాత్రం బావుంది అన్నారు. ఆ ఒక్క మాటకి మిమ్మల్ని దొడ్డి గుమ్మం దగ్గరే నిలబెట్టి, నెత్తిన రెండు బిందెలు పోశాను. లోపలికి రానిచ్చే ముందు చొక్కా కూడా పారేయించాను. మీరు నవ్వుతూనే పోయించుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

మీగడ పోస్తున్నాను. ప్యాకెట్టు క్రీము కొనలేదండి. మూడు రోజుల పాల మీగడ తీసి గిలక్కొట్టి ఉంచాను. కొంచెం విరిగినట్టయింది. గంజి పోస్తే సర్దుకుంటుందంటాడు. సర్దుకుంది. మిరియాలు. చీజ్ తురుము. కొత్తిమీర వెయ్యచ్చో లేదో, వేసేశాను.

ఉప్పు. ఇదీ చిక్కు.

మీ అమ్మగారు నన్ను వంటింట్లోకి రానిచ్చిన మొదటి రోజే చెప్పారు, నైవేద్యం పెట్టకుండా నాలిక మీద వేసుకోకూడదు, ఆవిరి పట్టి ఉప్పు చెప్పాలి అని. నేర్చుకున్నాను. నలభై ఏళ్ళు ముక్కుతోనే ఉప్పు చూశాను. ఏనాడైనా ఎక్కువయిందా? తక్కువయిందా? పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు కూడా నన్ను పిలిచి గుండిగ దగ్గర నిలబెట్టేవారు.

ఇప్పుడు రావట్లేదండి.

వాసన రావట్లేదు. మీరు వెళ్ళాక, పదకొండో రోజో పన్నెండో రోజో, ఇంగువ పొంగుతుంటే నాకేం తెలియలేదు. జలుబేమో అనుకున్నాను. అగరొత్తు తెలియదు, మల్లెపూలు తెలియవు, పాలు మాడిపోతే పొగ చూసి లేస్తున్నాను. డాక్టరు గారు ముక్కులో లైటు వేసి చూసి బాగానే ఉందమ్మా అన్నారు. ఎవరికీ చెప్పలేదు. భానుతేజ ఉప్పుకషాయంలాంటి చారు కూడా మాట్లాడకుండా తింటాడు. ఇంద్రజ ఉన్నన్నాళ్ళూ, నేను అటు తిరిగాక మూత తీసి సరిచూసుకునేది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఏడుపూ రావట్లేదు. అందరూ గట్టి మనిషి అంటున్నారు. గట్టిదనం కాదండి, ఏమీ తెలియట్లేదు, అంతే. పొద్దున లేస్తాను, స్నానం చేస్తాను, దీపం పెడతాను. సాయంత్రం మళ్ళీ దీపం పెడతాను. మధ్యలో ఏం జరిగిందంటే చెప్పలేను.

అందుకని ఇందులో ఉప్పు ఎంత వేశానో నాకే తెలియదు. పాస్తా నీళ్ళలో వేశాను. వెన్నలో ఉండే ఉంటుంది. చీజ్‌లోనూ ఉంటుందట. నాలిక మీద వేసుకుని చూడమంటారా? ఆ పని మాత్రం చెప్పకండి. అంతదూరం రాలేదు నేను.

ఇప్పుడెందుకు వండుతున్నానని కదా మీ అనుమానం. ఎల్లుండి మీ సంవత్సరీకం. నిన్న శాస్త్రిగారొచ్చారు జాబితా రాసుకోవడానికి. ఆయనకి ఇష్టమైనవి చెప్పండమ్మా, వండిద్దాం అన్నారు. పనసపొట్టు కూర అన్నాను. కందా బచ్చలి అన్నాను. గారెలు, పరవాన్నం. గడగడా చెప్పేశాను.

అప్పుడు మీ కొడుకు అందుకున్నాడు. "నాన్నగారు ఇవేమీ అడగలేదు శాస్త్రిగారూ. చివరికి గుక్కెడు గోదావరి నీళ్ళడిగారు, అంతే. అంతటి మనిషి" అన్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. శాస్త్రిగారు పెన్ను పక్కన పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నారు. నేను లేచి లోపలికి వచ్చేశాను.

మీకు తెలియనిది కాదు. తెలిసిందే అయినా నా నోటితో ఎప్పుడూ అనలేదు.

మీ గొంతు పూర్తిగా పోయాక వాడు తెల్ల పలక, పచ్చ స్కెచ్ పెన్ను తెచ్చిచ్చాడు. దాని మీదే కదా రాసేవారు. ఫ్యాను తగ్గించు. కొట్టు కట్టేశాడా. నడుం నొప్పి. అలాంటివే. ఆ మధ్యాహ్నం గంజి పోసి గొట్టానికి మూత పెడుతుంటే, పలక నావైపు తిప్పారు. తినను. వాసన చూస్తే చాలు. ఒక్కసారి. అని రాశారు. ఫోను కూడా చూపించారు, నేను వేరే అర్థం చేసుకుంటానేమోనని. పొయ్యి మీద తెల్లటి సాసులో ఇవే.

నేను కొంగుతో తుడిచేశాను.

మళ్ళీ రాశారు. ఒక్కసారి, అని. అక్షరాలు కిందకి జారిపోయాయి. అదీ తుడిచేశాను. అమ్మవారున్న కొంపలో ఆ మాటేంటి, వేళకాని వేళ పాపం మూటకట్టుకుని పోతారా అన్నాను. ఆ మాటే అన్నాను, పోతారా అని. పెన్ను మూత పెట్టేసి పక్కన పెట్టారు. అంతే, మళ్ళీ ఏమీ రాయలేదు. ఇంకా రెండు రోజులున్నారు మీరు.

వండకపోయినా పోయేది. ఎదురింటి వాళ్ళని అడిగితే ఒక గిన్నెలో పెట్టి ఇచ్చేవారు. మీ ముక్కు దగ్గర అర నిమిషం పట్టి, తిరిగిచ్చేస్తే సరిపోయేది. తర్వాత గది కడుక్కునేదాన్ని. నేను స్నానం చేసేదాన్ని. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం, వాడు చూస్తే ఏమనుకుంటాడు, మా నాన్న ఇలాంటివాడా అనుకుంటాడేమో, అదొక్కటే తోచింది.

సరిగ్గా అప్పుడే వాడు లోపలికొచ్చాడు. నా కొంగుకి పచ్చ మరక. ఏం రాశారమ్మా నాన్న అన్నాడు. మంచినీళ్ళడిగారు అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? గోదావరి నీళ్ళు కావాలంటున్నారు అని కూడా కలిపాను. ఎందుకు కలిపానో తెలియదు. ఉత్త మంచినీళ్ళంటే నమ్మడేమో అనిపించింది.

వాడు చెప్పుల్లేకుండా పరిగెత్తాడు పుష్కరాల రేవుకి. ఎండలో. చెంబుతో తెచ్చి, దూది ముంచి మీ పెదాలకి అద్దాడు. మీరు వాడి వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. పలక మీ చేతికి జానెడు దూరంలో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు రాస్తారు, ఇప్పుడు రాస్తారు అనుకున్నాను. మీరు కళ్ళు మూసుకుని ఆ తడి చప్పరించారు.

ఎందుకు రాయలేదండీ? నన్ను తిట్టినా పోయేది కదా.

ఆ నీళ్ళే ఇప్పుడు ఊరంతా తాగుతోంది. మీరు వెళ్ళిన నెలకి కొట్టు ముందు చలివేంద్రం పెట్టాడు. పందిరి, ఆరు కుండలు, వట్టివేళ్ళు. ఎండాకాలం అయిపోయినా తియ్యలేదు. బ్యానరు కట్టించాడు, ఆఖరి ఘడియల్లో గుక్కెడు గోదావరి నీళ్ళు కోరిన కీర్తిశేషులు నాగేశ్వరప్రసాద్ గారి జ్ఞాపకార్థం అని. ఆటోవాళ్ళు ఆపుకుని తాగుతారు. బడిపిల్లలు సీసాలు నింపుకుంటారు. బేసిను దించుకుని పెద్దింట్లమ్మ తాగుతుంది. నేను ఏడాదిగా వీధివైపు కిటికీ తెరవలేదు. ఎల్లుండి కుండలు తీసేసి కూలరు మిషను పెడతాడట. గ్రానైట్ పలక మీద అవే అక్షరాలు చెక్కిస్తున్నాడు. రాతి మీద చెక్కితే ఇంక కొంగుతో పోదు కదండీ.

దాహంతో ఉన్నవాళ్ళు నీళ్ళు తాగుతున్నారు, అందులో తప్పేముంది, అంటారు మీరు. తప్పులేదు. నాకూ తెలుసు. కానీ మీరు అడిగింది అది కాదు. మీరేం అడిగారో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నేను పోతే ఇంక ఎవరికీ తెలియదు.

సరే, అయిపోయింది. పళ్ళెంలో పెట్టాను. కొత్త పళ్ళెమే. ఇదిగో, మీ పటం కింద స్టూలు మీద పెడుతున్నాను. ఆవిరి పైకే వస్తోంది, చూడండి. మీ గడ్డం దగ్గర అద్దం మసకబారింది. వస్తోందా? వాసన వస్తోందా అండీ? నాకైతే ఏమీ లేదు. వేడినీళ్ళ ముందు కూర్చున్నట్టే ఉంది.

ఆ స్కూటరు చప్పుడు మనదేనా? పన్నెండు కూడా కాలేదు. కూలరు మిషను గురించి ఎక్కడికో వెళ్ళాలన్నాడు, అటునుంచి అటే పైకొస్తున్నట్టున్నాడు. మెట్లెక్కుతున్నాడు. వాడికి రెండేసి మెట్లు ఎక్కడం అలవాటు, మీలాగే.

ఆగాడు.

మెట్ల మధ్యలో ఆగిపోయాడండి. అంటే వాసన వస్తోందన్నమాట. అంతదూరం వస్తోంది. హమ్మయ్య, అయితే మీకూ వచ్చే ఉంటుంది.

పలక దాచలేదు. బీరువాలో నా చీరల అడుగున పెట్టి ఉంచాను ఏడాదిపాటు, పొద్దున్నే బయటికి తీశాను. మీరు రాసినట్టే రాశాను. తినను. వాసన చూస్తే చాలు. ఒక్కసారి. మీ అక్షరం నాకు రాదు, నా అక్షరంతోనే రాశాను. పళ్ళెం పక్కన నిలబెట్టాను, గుమ్మంలోకి రాగానే కనబడేలా. చదివి ఏమంటాడో నాకు తెలియదు. ఆ రాయి చెక్కిస్తాడో మానేస్తాడో, నాతో మాట్లాడతాడో మాట్లాడడో. ఏమన్నా అననివ్వండి.

కొంగు బొడ్లో దోపేసుకున్నాను. రెండు చేతులూ కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను.

రా నాన్నా, తలుపు తీసే ఉంది. ఉప్పు సంగతి మాత్రం నన్నడక్కు.